హెచ్‌పీవీ: తెలిసిన కారణం, అందని నివారణ

క్యాన్సర్ అనే ఒక్క పేరు కింద వైద్యశాస్త్రం చేర్చిన వందలాది వ్యాధుల్లో, కారణం ఫలానా అని వేలెత్తి చూపగలిగినవి బహు తక్కువ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఆ కొద్దిపాటి వాటిలో ఒకటి. దాదాపు ప్రతి కేసు వెనుకా హ్యూమన్ పాపిలోమా వైరస్ ఉంటుంది. ఆ వైరస్‌ను అడ్డుకునే టీకా 2006 నుంచి అందుబాటులో ఉంది. వైరస్ సోకినా అది క్యాన్సర్‌గా ముదిరేలోపు పసిగట్టే పరీక్షలు అంతకు ఎన్నో దశాబ్దాల ముందునుంచే ఉన్నాయి. పసిగట్టిన తొలి మార్పును కొద్ది నిమిషాల్లో తొలగించే చికిత్స చిన్న ఆసుపత్రిలోనూ సాధ్యమే. అయినా 2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం ప్రపంచంలో సుమారు 6,62,000 మంది స్త్రీలు కొత్తగా ఈ వ్యాధి బారిన పడగా, సుమారు 3,49,000 మంది మరణించారు. ఇందులో భారతదేశపు వాటా సుమారు 1,27,000 కొత్త కేసులు, దాదాపు 80,000 మరణాలు. ఇంత తెలిసిన వ్యాధి ఇంతమందిని ఎందుకు బలిగొంటోందన్న ప్రశ్నకు జవాబు ప్రయోగశాలల్లో కన్నా, ఆడపిల్లకూ ఆమె తల్లికీ ఈ విషయాలను ఎవరు, ఎప్పుడు, ఎలా చెబుతున్నారన్న దగ్గరే ఎక్కువగా దొరుకుతుంది. ఆ జవాబులో ఒక ముఖ్యమైన భాగం తెలుగు నేలమీదే, భద్రాచలం ప్రాంతంలో ఉంది.

వాడుకలో హెచ్‌పీవీగా పిలిచే ఈ వైరస్ నిజానికి ఒక పెద్ద కుటుంబం. ఇప్పటివరకు గుర్తించిన రకాలు 200 దాటాయి, వాటికి విడివిడిగా పేర్లు పెట్టకుండా వరస సంఖ్యలు ఇచ్చారు. చేతులమీదా పాదాలమీదా లేచే మామూలు పులిపిర్లు కూడా ఈ కుటుంబపు పనే అయినా, వాటిని కలిగించే రకాలు వేరు, వాటికీ ఈ క్యాన్సర్‌కూ సంబంధం లేదు. జననాంగాల దగ్గర వచ్చే పులిపిర్లలో పదింట తొమ్మిదికి 6, 11 రకాలు కారణం. అవి ఇబ్బంది పెడతాయి గాని క్యాన్సర్‌కు దారితీయడం చాలా అరుదు. క్యాన్సర్ కారకాలని నిర్ధారణ అయిన రకాలు 12 ఉండగా, వాటిలో 16, 18 అన్న రెండే ప్రపంచవ్యాప్తంగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి మూలం. భారతదేశంలో వీటి వాటా ఇంకా ఎక్కువ. ఇంత నష్టం చేసే ఈ వైరస్ వ్యాసం సుమారు 55 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరును పద్దెనిమిది వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత. ఇది గాలి ద్వారా, నీటి ద్వారా, రక్తం ద్వారా వచ్చేది కాదు. లైంగిక సంపర్కంలో చర్మానికి చర్మం, పొరకు పొర తగిలినప్పుడు, కంటికి కనిపించనంత చిన్న గీతల గుండా పై పొరల అడుగున ఉండే కణాల్లోకి చేరుతుంది. అందువల్లనే కండోమ్ ముప్పును తగ్గిస్తుంది గాని, అది కప్పని చోట కూడా వైరస్ ఉంటుంది కనుక పూర్తి రక్షణ ఇవ్వలేదు.

వైరస్ సోకడమూ క్యాన్సర్ రావడమూ ఒకటి కాదన్నది ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ముందు సామాన్య పాఠకులకు చేరవలసిన సంగతి, కాని తరచూ చేరనిది కూడా ఇదే. వైవాహిక జీవితం మొదలైన స్త్రీపురుషుల్లో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రకం హెచ్‌పీవీ సోకుతుంది, వారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, కణం చచ్చిపోదు, వైరస్ రక్తంలోకి పోదు. కాబట్టి శరీరపు రక్షణ వ్యవస్థ దాన్ని ఆలస్యంగా గుర్తిస్తుంది, అయినా గుర్తించిన తర్వాత పది మందిలో తొమ్మిది మందికి దాదాపు రెండేళ్లలో దాన్ని అణచివేస్తుంది. మిగిలిన కొద్దిమందిలో వైరస్ పాతుకుపోయి, ఈ6, ఈ7 అనే రెండు ప్రొటీన్లను తయారుచేయిస్తుంది. కణం అదుపు తప్పి విభజన చెందకుండా కాపలా కాసే పీ53 అనే ప్రొటీన్‌ను మొదటిది నాశనం చేస్తే, అదే పని చేసే ఆర్‌బీ అనే మరో ప్రొటీన్‌ను రెండోది కట్టిపడేస్తుంది. గర్భాశయ ముఖద్వారంలో రెండు రకాల పొరలు కలిసే ఒక సన్నని అంచు ఉంటుంది. అక్కడి కణాలు నిరంతరం రూపు మారుతుంటాయి కాబట్టి ఈ మార్పులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. వైద్యులు క్యాన్సర్ పూర్వదశలని పిలిచే ఆ మార్పులు అసలైన క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. చికిత్స అందని హెచ్‌ఐవీ వంటి స్థితిలో ఈ వ్యవధి 5 నుంచి 10 ఏళ్లకు కుదించుకుపోతుంది. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ఈ క్యాన్సర్ ముప్పు ఇతరులకన్నా దాదాపు ఆరు రెట్లు. పొగతాగడం, ఎక్కువ కాన్పులు కూడా ముప్పును పెంచుతాయి. నివారణ ప్రయత్నాలన్నీ నిలబడ్డది ఈ పదిహేనేళ్ల గడువు మీదే.

ఈ కారణం తేలడానికి పట్టిన కాలం మాత్రం చాలా పెద్దది. ఇటలీలోని వెరోనా నగరపు మరణాల లెక్కలను పరిశీలించిన రిగోని స్టెర్న్ అనే వైద్యుడు, పెళ్లైన స్త్రీలతో పోలిస్తే సన్యాసినుల్లో గర్భాశయ క్యాన్సర్ అరుదని 1842లోనే రాశాడు. ఆ పరిశీలన సరైనదే గాని, తరువాతి నూరేళ్లలో అది శాస్త్రానికి ఎంత తోడ్పడిందో రోగుల శీలాన్ని అనుమానించడానికీ అంతే తోడ్పడింది. 1970ల్లో శాస్త్రలోకం హెర్పీస్ వైరస్‌ను దోషిగా అనుకుంటుండగా, జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్ మాత్రం పులిపిర్ల వైరస్ వైపు చూపించి, దాదాపు ఒంటరిగా ఆ దారిన నడిచాడు. ఆయన బృందం 1983లో 16వ రకాన్ని, ఆ మరుసటి ఏడాది 18వ రకాన్ని క్యాన్సర్ కణాల్లో పట్టుకుంది. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి అమెరికన్ స్త్రీ కణితి నుంచి, ఆమెకు చెప్పకుండా తీసి, నేటికీ ప్రపంచ ప్రయోగశాలల్లో పెంచుతున్న హీలా కణాల్లో సైతం 18వ రకం డీఎన్‌ఏ బయటపడింది. జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

లైంగిక సంపర్కం అన్న మాట రాగానే తెలుగు ఇళ్లలో సంభాషణ ఆగిపోతుంది, లేదా తప్పుదారి పడుతుంది. జీవితమంతా ఒకే భర్తతో గడిపిన స్త్రీకి కూడా, భర్తకు అంతకుముందు సోకిన వైరస్ కారణంగా ఈ వ్యాధి రావచ్చు. ఇరవై ఏళ్లకిందట సోకినదాన్ని ఎవరివల్ల, ఎప్పుడు అని ఏ పరీక్షా తేల్చలేదు. కాబట్టి పరీక్షలో పాజిటివ్ వచ్చిన స్త్రీ శీలం గురించి ఆ ఫలితం చెప్పేది ఏమీ లేదు. పురుషులకు సైతం హెచ్‌పీవీ వల్ల గొంతులో, మలద్వారంలో, పురుషాంగంలో క్యాన్సర్లు వస్తాయి గనుక దీన్ని ఆడవారి రోగంగా మాత్రమే చూడటం పొరపాటు. పోతే, చాలా చిన్న వయసులో దాంపత్యం మొదలవడం ముప్పును పెంచుతుందన్నది నిర్ధారితమైన విషయం. 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నారు. బాల్యవివాహాలను ఆపడం కూడా క్యాన్సర్ నివారణలో భాగమేనని ఆరోగ్య శాఖ పోస్టర్లు చెప్పకపోవడం విచిత్రం.

టీకా తయారీలో అసలు చిక్కు ఈ వైరస్‌ను ప్రయోగశాలలో మామూలు పద్ధతిలో పెంచడం సాధ్యం కాకపోవడం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇయాన్ ఫ్రేజర్, జియన్ ఝౌ 1991లో దీనికి దారి కనిపెట్టారు. వైరస్ పై తొడుగులోని ఎల్1 అనే ప్రొటీన్‌ను విడిగా తయారుచేస్తే, ఆ ముక్కలు వాటంతట అవే కూడుకుని అచ్చం వైరస్ ఆకారంలోకి వస్తాయి. లోపల డీఎన్‌ఏ మాత్రం ఉండదు. చూడటానికి ధాన్యంలా ఉండి లోపల గింజ లేని తాలు వంటిదన్నమాట. అది మొలకెత్తదు, అంటే రోగాన్ని కలిగించదు; కాని శరీరం దాన్ని శత్రువుగానే గుర్తించి ప్రతిరక్షకాలను సిద్ధం చేసుకుంటుంది. 2006లో నాలుగు రకాలను అడ్డుకునే గార్డసిల్, ఆ వెంటనే రెండు రకాలకు సెర్వారిక్స్, 2014లో తొమ్మిది రకాలకు గార్డసిల్ 9 ఆమోదం పొందాయి. ఈ టీకాలు కొత్తగా సోకడాన్ని ఆపగలవు తప్ప, అప్పటికే లోపల ఉన్న వైరస్‌ను తొలగించలేవు. 9 నుంచి 14 ఏళ్ల వయసులో వేయమనడానికి కారణం ఇదే: ఆ వయసులో వైరస్ ఇంకా సోకి ఉండదు, పైగా శరీరం పెద్దవాళ్లకన్నా బలంగా స్పందిస్తుంది. జబ్బమీద వేసే ఈ సూదికి నొప్పి, కొద్దిపాటి వాపు, జ్వరం సాధారణం; కొందరు పిల్లలు సూది భయంతో కళ్లు తిరిగి పడిపోతారు కాబట్టి వేశాక పావుగంట కూర్చోబెట్టాలి.

ఇటువంటి టీకా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాకు 2009 జూలైలో వచ్చింది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి, గేట్స్ ఫౌండేషన్ నిధులతో, కంపెనీలు ఉచితంగా ఇచ్చిన టీకాలతో ఈ పథకాన్ని చేపట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గార్డసిల్, గుజరాత్‌లోని వడోదరలో దాదాపు 10 వేల మందికి సెర్వారిక్స్ వేశారు. ఖమ్మంలోని బాలికల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. కొన్ని నెలల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు, వారిలో అయిదుగురు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు, మరణించారన్న వార్తలతో ఆందోళన చెలరేగి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం పథకాన్ని నిలిపివేసింది. విచారణలో తేలినవి నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు; టీకాకూ ఈ మరణాలకూ సంబంధం ఉన్నట్టు ఆధారం దొరకలేదు. అంతటితో విషయం ముగిసిపోలేదు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక అనుమతి పత్రాల గురించి చెప్పిన లెక్క ఒక్కటి చాలు: పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేయగా, 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. తమ పిల్లకు ఏ సూది వేస్తున్నారో, దేనికి వేస్తున్నారో, అది ప్రభుత్వ కార్యక్రమమా పరిశోధనా అన్నది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. దుష్ఫలితాలను కనిపెట్టి చూసే ఏర్పాటు కూడా సరిగా లేదని సంఘం తప్పుపట్టింది.

ఈ ఘటనను టీకా సమర్థకులు అపోహల కథగా, వ్యతిరేకులు హత్యల కథగా చెబుతూ వచ్చారు, రెండూ సగమే. టీకా పిల్లల ప్రాణాలు తీయలేదన్నది నిజం. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉన్న గిరిజన బాలిక తరఫున వార్డెన్ సంతకం పెట్టడం అనుమతి కాదన్నదీ నిజమే, పైగా ఆ సంతకమే మరుసటి దశాబ్దం పాటు టీకా గురించిన ప్రతి చర్చనూ వెంటాడింది. తల్లిదండ్రులను కూర్చోబెట్టి వారి భాషలో, కోయ మాట్లాడేచోట కోయలో, పది నిమిషాలు వివరించి ఉంటే పోయేది కొంత కాలమే. అలా చేయకపోవడంవల్ల దేశం పోగొట్టుకున్నది సంవత్సరాలు.

ఇదే నిలిపివేత మరో వైపు ఎవరూ ఊహించని ఫలితం ఇచ్చింది. ఖమ్మం పథకంతో సంబంధం లేకుండా, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో భారతదేశంలోని పలు కేంద్రాల్లో, వాటిలో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఒకటి, రెండు డోసులు చాలునా మూడు కావాలా అన్న విషయంపై అధ్యయనం మొదలుపెట్టింది. 2010 ఏప్రిల్ ఉత్తర్వుతో అదీ ఆగిపోగా, వేల మంది బాలికలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు వారిని వదిలేయకుండా ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. 2021లో వెలువడిన ఫలితాల్లో, 16, 18 రకాల వైరస్ శరీరంలో పాతుకుపోకుండా ఒక్క డోసు ఇచ్చిన రక్షణ 95 శాతం దాకా ఉండి, రెండు, మూడు డోసుల రక్షణకు ఏమాత్రం తీసిపోలేదు. కెన్యాలో జరిగిన మరో అధ్యయనం కూడా ఇదే చెప్పడంతో, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్ల వారికి ఒక డోసు సరిపోతుందని అంగీకరించింది; హెచ్‌ఐవీ వంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం కనీసం రెండు, వీలైతే మూడు వేయాలి. ఖర్చూ శ్రమా బాగా తగ్గించిన ఈ మార్పుకు, ప్రణాళిక ప్రకారం నడిచి ఉంటే ఆ అధ్యయనం దారి చూపేది కాదు.

టీకా క్యాన్సర్‌ను నిజంగా తగ్గిస్తుందా అన్న సందేహానికి ఒకప్పుడు చోటుండేది, ఇప్పుడు లేదు. పదిహేడేళ్లలోపు టీకా పొందినవారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గిందని స్వీడన్ 2020లో, 12–13 ఏళ్లకే పొందినవారిలో 87 శాతం తగ్గిందని ఇంగ్లండ్ 2021లో ప్రకటించాయి; స్కాట్లండ్‌లో 12–13 ఏళ్లప్పుడు టీకా పొందిన స్త్రీలలో ఒక్క కేసూ నమోదు కాలేదని 2024లో వెల్లడైంది. దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ జపాన్. టీకా తర్వాత నొప్పులు, వణుకు వచ్చాయన్న వీడియోలు ప్రచారం కావడంతో 2013 జూన్‌లో ఆ ప్రభుత్వం టీకాను సిఫార్సు చేయడం మానుకుంది. 70 శాతం ఉన్న టీకా వినియోగం ఒక శాతం కిందకు పడిపోయింది. ఆధారాలు లేవని తేలాక కూడా సిఫార్సును తిరిగి మొదలుపెట్టింది 2022 ఏప్రిల్‌లో గాని కాదు. అంటే ఈ విషయంలో అవిశ్వాసం చదువురానివారి జబ్బు కాదు.

భారతదేశంలో సిక్కిం 2018లో బడుల ద్వారా దాదాపు అర్హులైన బాలికలందరికీ టీకా వేయించి ఇది సాధ్యమేనని చూపించింది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్, నాలుగు రకాలకు పనికివచ్చే స్వదేశీ టీకా, 2022లో అనుమతి పొంది 2023 జనవరిలో మార్కెట్‌లోకి రాగా, డోసు ధర సుమారు రూ. 2,000గా నిర్ణయించారు. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో 9–14 ఏళ్ల బాలికల టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించింది. సొంత ఖర్చుతో వేయించుకునే పట్టణ మధ్యతరగతికి ఈ ధర పెద్దది కాకపోవచ్చు గాని, ఇద్దరు కూతుళ్లున్న వ్యవసాయ కూలీకి అది చాలా రోజుల కూలి. ముప్పు ఎక్కువగా ఉన్నది ఆ కూతుళ్లకే.

ఇవాళ టీకా వేయించుకున్న పిల్లకు మేలు కనిపించేది ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత. ఇప్పుడు ముప్పై దాటిన కోట్లాది స్త్రీలకు మిగిలిన మార్గం పరీక్షే, దాని గురించి టీకా గురించినంత మాటా లేదు, ఖర్చూ లేదు. అత్యంత చౌకైన పరీక్షలో, గర్భాశయ ముఖద్వారం మీద 3–5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే దాదాపు వంటింటి వెనిగర్ గాఢత గల ద్రవం, దూదితో అద్ది నిమిషం ఆగి దీపపు వెలుతురులో చూస్తారు. చెడిన చోట తెల్లని మచ్చ తేలుతుంది. శిక్షణ పొందిన నర్సు సైతం చేయగలదు. తమిళనాడులోని దిండిగల్‌లోనూ, ముంబయి మురికివాడల్లోనూ జరిగిన అధ్యయనాల్లో ఈ పరీక్షతో మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. మహారాష్ట్రలోని నాటి ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మంది స్త్రీలపై జరిగిన అధ్యయనంలో మాత్రం, వైరస్ ఉనికిని నేరుగా వెతికే హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష ఒకే ఒక్కసారి చేసినా మరణాలను దాదాపు సగానికి తగ్గించగా, వెనిగర్ పరీక్ష, కణాలను గీరి తీసి సూక్ష్మదర్శినిలో చూసే పాప్ స్మియర్ రెండూ అక్కడ చెప్పుకోదగిన ఫలితం ఇవ్వలేదని 2009లో తేలింది. ఈ అధ్యయనాల్లో పోలిక కోసం లక్షకు పైగా స్త్రీలను పరీక్ష చేయకుండా గమనిస్తూ ఉండటం తీవ్ర విమర్శకు గురైంది, ఆ విమర్శ న్యాయమైనదే. ఉపయోగపడుతుందని తెలిసిన పరీక్షను కొందరికి ఇవ్వకుండా ఉంచి పొందిన జ్ఞానం ఇది. దాన్ని వాడకపోవడం ఆ స్త్రీలకు రెండోసారి చేసే అన్యాయం.

వాడకం ఎంతో సర్వేలే చెబుతున్నాయి. 30–65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి పరీక్ష చేయాలని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చినా, అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30–49 ఏళ్ల భారతీయ స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకున్నవారు 2 శాతానికి కూడా చేరలేదు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 5 శాతం లోపే. అదే తెలుగు రాష్ట్రాలు గర్భసంచి తొలగింపులో మాత్రం దేశంలో ముందు వరసలో ఉన్నాయి. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ జరిగినవారు దేశమంతటా 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. తెల్లబట్ట అవుతోందనో నడుము నొప్పి అనో వెళ్లిన స్త్రీకి, ఉంచితే క్యాన్సర్ అవుతుందని చెప్పి ఆపరేషన్‌కు ఒప్పించడం పల్లెల్లో ఎరుగని సంగతి కాదు. తెల్లబట్టకు అత్యధిక సందర్భాల్లో కారణం మామూలు ఇన్ఫెక్షన్, అది మందులతో పోతుంది. క్యాన్సర్ పూర్వదశకు అసలు లక్షణాలే ఉండవు. నిమిషం పట్టే పరీక్ష చేయని చోట క్యాన్సర్ పేరుతో గర్భసంచి తీయడం జరుగుతోందంటే, ఇక్కడ కొరవడింది క్యాన్సర్ భయం కాదు, ఆ భయాన్ని పరీక్షించి చూసే ఏర్పాటు. కలయిక తర్వాత రక్తం కనిపించడం, ముట్లుడిగాక రక్తస్రావం, దుర్వాసనతో నీటిలా పోయే స్రావం మాత్రం వెంటనే వైద్యులకు చూపించవలసిన లక్షణాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన లక్ష్యం ప్రకారం 2030 నాటికి పదిహేనేళ్లలోపు బాలికల్లో 90 శాతానికి టీకా, 35, 45 ఏళ్లకు మేలైన పరీక్ష 70 శాతం స్త్రీలకు, వ్యాధి కనిపించినవారిలో 90 శాతానికి చికిత్స అందాలి. మొదటిది బడుల ద్వారా సాధించవచ్చు. రెండోదానికి ఇప్పుడు ఒక వెసులుబాటు ఉంది: డీఎన్‌ఏ పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీ స్వయంగా, చాటున, చిన్న బ్రష్‌తో తీసి ఆశా కార్యకర్తకు ఇవ్వవచ్చు, వైద్యుడి ముందు బల్లమీద పడుకోవాలన్న సిగ్గే అడ్డమైన చోట ఇది చాలా మార్పు తెస్తుంది. కష్టమైనది మూడోది. పాజిటివ్ వచ్చిన స్త్రీకి చీటీ రాసిచ్చి జిల్లా ఆసుపత్రికి పొమ్మంటే, ఒక రోజు కూలీ, బస్సు ఖర్చు, తోడు వచ్చే మనిషి, మళ్లీ రమ్మన్న తేదీ అన్నీ కలిసి ఆమెను మధ్యలోనే ఆపేస్తాయి. అందుకే చూసిన చోటే, చూసిన రోజే చికిత్స చేసే పద్ధతిని నిపుణులు కోరుతున్నారు. బ్యాటరీతో నడిచే చేతిపరికరం కొనను దాదాపు వంద డిగ్రీలకు వేడిచేసి మచ్చమీద అరనిమిషం లోపు ఆనిస్తే చెడిన పొర మాడిపోతుంది, మత్తు అవసరం ఉండదు, ఆమె నడిచి ఇంటికి వెళ్తుంది. మచ్చ లోపలి నాళంలోకి వ్యాపించినవారికి, క్యాన్సర్ అనుమానం ఉన్నవారికి ఈ పద్ధతి పనికిరాదు, వారిని పెద్దాసుపత్రికి పంపక తప్పదు. అటువంటి స్త్రీల పేర్లు ఏ రిజిస్టరులో ఉంటాయి, వారు ఆసుపత్రికి చేరారో లేదో కనుక్కునే బాధ్యత ఏఎన్‌ఎందా వైద్యాధికారిదా, చేరనివారి ఇంటికి ఎవరు వెళ్తారు అన్నవి పరీక్షల శిబిరానికి టెంటు వేయకముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తేలవలసిన విషయాలు.